మందు తినే తోడు

కాంపౌండర్ నాగుల్‌మీరా గేదె కాళ్ళ దగ్గర పడిపోయింది ఒక శుక్రవారం పొద్దున, ఆస్పత్రి చూడ్డానికి పక్క జిల్లాల నుంచి పదకొండు మంది పశువైద్యులు వచ్చిన రోజున.

ఆ ఆస్పత్రి భట్టిప్రోలు నుంచి వెల్లటూరు పోయే దారిలో, మురుగు కాలువ గట్టు పక్కన ఉంది. నడిపేది డాక్టర్ సుగుణకుమారి. నలభై ఆరేళ్ళ మనిషి. జబ్బు పశువు బాగుపడి ఇంటికి పోతే చాలదు, దానికి చేసిన వైద్యం వల్ల ఇంకో ప్రాణి చావకూడదని ఆవిడ పట్టుదల. అందుకని అక్కడ ప్లాస్టిక్ సిరంజి కనబడదు, ఉడకబెట్టి వాడుకునే గాజు సిరంజిలే. మాత్రలు కావలసిన రైతు ఇంటి నుంచి డబ్బా తెచ్చుకోవాలి. ఆపరేషన్ గుడ్డలు ఉతికి ఎండేస్తారు. పేడ గ్యాసుతో నీళ్ళు కాగుతాయి, డాబా మీద పరిచిన పలకలు ఎండ తాగి లైట్లు వెలిగిస్తాయి. ఇదంతా కుదరడానికి నాలుగేళ్ళు పట్టింది. ఒక్క మందుల సంగతే ఆవిడకు చాలాకాలం కొరుకుడు పడలేదు.

పశువుకు వేసిన మందంతా దాని ఒంట్లోనే ఉండిపోదు. కొంత మూత్రంలో, కొంత పేడలో బయటికొస్తుంది. గచ్చు కడిగిన నీళ్ళతో కాలువలో కలుస్తుంది. నొప్పి మందు వేసిన గొడ్డు చచ్చిపోతే, దాన్ని తిన్న రాబందులు గుంపులు గుంపులుగా రాలిపోయాయని సుగుణకుమారి చదువుకునే రోజుల్లోనే విన్నది. ఇక్కడ రాబందులు లేవు కానీ కాలువలో చేపలున్నాయి. ఆస్పత్రి పెట్టిన రెండో ఏడే తూము కింద జెల్లలు వెల్లకిలా తేలడం ఆవిడ కళ్ళారా చూసింది.

ఆరేళ్ళ కిందట, చచ్చిన గొడ్లను పాతిపెట్టే బీడులో మట్టి తెచ్చి పరీక్షిస్తే, అందులో ఒక సూక్ష్మజీవి మందుల్ని తింటూ కనిపించింది. దాన్ని పెంచింది. తరాల తరబడి ఏరింది. మందు తప్ప మరో తిండి అరగకుండా దాన్ని మార్చింది. మందు దొరకని చోట అది బతకకూడదని ఆవిడ జాగ్రత్త. గచ్చు కడిగిన నీళ్ళు కాలువలోకి పోయేముందు నిలవడానికి రెండు తొట్లు కట్టించి, వాటిలో దాన్ని వేసింది. నిన్నటి తొట్టిలోంచి చెంబెడు తీసి ఇవాళ్టి నీళ్ళలో కలుపుతుంటే చూసి, మజ్జిగ తోడెయ్యడం లాంటిదే కదా మేడమ్ అన్నాడు కాంపౌండర్ నాగుల్‌మీరా. అప్పట్నుంచి దాని పేరు తోడు.

రోజూ పొద్దున్నే అతను, మందు తగిలితే రంగు మారే కాగితం ముక్కలు రెండు ముంచేవాడు. తొట్టిలోకి వచ్చే నీళ్ళలో ముంచింది ఊదారంగు తిరిగేది. బయటికి పోయే నీళ్ళలో ముంచింది తెల్లగానే ఉండేది. ఏడాది తిరిగేసరికి తూము కింద కొర్రమీనులు పడ్డాయి. వాటి వెనకే కొంగలొచ్చాయి. ఆ తర్వాత చూడ్డానికి జనం రావడం మొదలైంది.

తొట్టిలో తోడు వాడటానికి ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. దాని దగ్గర తప్పేమీ లేదు. తప్పు రెండో తోడు దగ్గర జరిగింది. నీళ్ళు శుభ్రపడ్డా పేడ శుభ్రపడలేదు, రైతులు పొలానికి తోలుకునే పెంటలో మందు అలాగే ఉండిపోతోంది. సుగుణకుమారి పశువు పేగుల్లోనే బతికే తోడును తయారు చేసింది. అది పేగు చివర కూర్చుని, మందు ఒంటికి పట్టాక మిగిలినదాన్ని మాత్రమే తింటుంది. పరీక్షలన్నీ చూసిన ఆవిడ గురువు, ఏడాదిపాటు మూసిన కొట్టంలో మేకలకు మాత్రమే పెట్టి చూడమని రాశాడు. ఆవిడ మూడు నెలలు చూసింది. మేకలు నిక్షేపంలా ఉన్నాయి. ఇంకో తొమ్మిది నెలలు ఎందుకు ఆగాలో ఆవిడకు అర్థం కాలేదు. కార్తీకమాసంలో తవుడులో కలిపి, వైద్యానికి వచ్చిన గేదెలకు పెట్టమని ఇవ్వసాగింది. అరుగుదల తవుడని రైతులకు చెప్పింది. కలిపేది నాగుల్‌మీరా. ఒట్టి చేతులతో కలిపేవాడు, కడుక్కుని అన్నం తినేవాడు.

ఆ శుక్రవారం మార్చి నెలలో వచ్చింది. వచ్చిన వైద్యులకు సుగుణకుమారి తొట్టి చూపిస్తోంది. కొట్టంలో నాగుల్‌మీరా ఒక ముర్రా గేదె ముక్కుతాడు పట్టుకుని నిలబడ్డాడు. మెడ ఒక పక్కకు తిరిగింది. గొంతులోంచి ఏదో అరుపు వచ్చి, మనిషి నిలువునా గేదె గిట్టల దగ్గర కూలిపోయాడు. కాళ్ళూ చేతులూ కొట్టుకుంటున్నాయి. గేదె బెదిరి వెనక్కి జరిగింది కాబట్టి సరిపోయింది, ముందుకు అడుగేస్తే తల నుజ్జయ్యేది. సుగుణకుమారి పరిగెత్తి అతన్ని పక్కకు లాగి ఒత్తిగిలి పడుకోబెట్టింది.

అతని భార్య ఖైరున్నీసా టైలరింగ్ షాపు మూసేసి వచ్చింది. వచ్చాక గానీ అసలు సంగతి బయటపడలేదు. నాగుల్‌మీరాకు పంతొమ్మిదో ఏట నుంచే మూర్ఛ ఉంది. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి మాత్ర వేసుకుంటాడు. పదిహేనేళ్ళుగా ఒక్కసారి కూడా రాలేదు. అంతకుముందు పనిచేసిన రైస్‌మిల్లులో ఈ సంగతి తెలిసి మాన్పించారని, ఇక్కడ చెప్పకుండా దాచాడు. పద్నాలుగేళ్ళు పక్కపక్కన పనిచేసిన మనిషి తనకీ విషయం చెప్పలేదని సుగుణకుమారికి చివుక్కుమంది. అయినా తన కారులోనే తెనాలి తీసుకెళ్ళింది.

నరాల డాక్టర్ పట్టాభి రక్తం తీయించాడు. రిపోర్టు వచ్చాక ముఖం చిట్లించుకుని, నాగుల్‌మీరా మాత్రలు మానేశాడని తేల్చాడు. లేదండీ, ఒక్కపూట కూడా తప్పలేదని నాగుల్‌మీరా అన్నాడు. పేషెంట్లందరూ ఇలాగే చెబుతారని పట్టాభి విసుక్కున్నాడు.

"నా చేత్తో ఇస్తాను సార్" అంది ఖైరున్నీసా. "గుటక పడేదాకా ఎదురుగా నిలబడతాను."

"అయితే ఒంట్లో ఆనవాలైనా ఉండాలి కదమ్మా. ఇందులో సున్నా ఉంది."

తలుపు దగ్గర నిలబడ్డ సుగుణకుమారి ఆ సున్నా అన్న మాట దగ్గరే ఆగిపోయింది. మిగతా మాటలు ఆవిడ చెవిన పడలేదు. మింగిన మాత్ర ఒంటికి చేరకుండా మాయమయిందంటే, దాన్ని మధ్యలో ఎవరో తినాలి. అలా తినేదాన్ని పెంచింది తనే.

తిరిగి వచ్చాక అతని మలం నమూనా అడిగి తీసుకుంది. ఎందుకని అతను అడిగితే ఒక అనుమానం అంది. రెండు గాజు గొట్టాల్లో అతను వేసుకునే మాత్రనే నలిపి కలిపింది. ఒకదాంట్లో ఒట్టి నీళ్ళు, రెండోదాంట్లో నమూనా. నాలుగు గంటలు అక్కడే కూర్చుంది. మొదటి గొట్టంలో ముంచిన కాగితం ఊదారంగు తిరిగింది. రెండోదాంట్లో ముంచింది తెల్లగా ఉంది. ఇన్నేళ్ళుగా ఆ తెలుపు చూస్తే పొంగిపోయిన మనిషి, ఆ పూట దాన్ని నమ్మలేక ఇంకో కాగితం ముంచింది. అదీ తెల్లగానే ఉంది.

పశువు పేగుల్లో చివరనే ఉండిపోయిన తోడు, మనిషి పేగుల్లో పైదాకా ఎగబాకింది. మాత్ర కరిగీ కరగక ముందే తినేస్తోంది.

మర్నాడు వాళ్ళింటికి వెళ్ళి చెప్పింది. తవుడు సంగతి, గురువు ఆగమన్న సంగతి, తను ఆగని సంగతి, ఏదీ దాచలేదు. నాగుల్‌మీరా తల వంచుకుని విన్నాడు. ఖైరున్నీసా కుట్టుమిషన్ మీద చెయ్యి ఆనించి కూర్చుంది.

"కాలువ బాగుపడింది కదా డాక్టరమ్మా" అంది చివరికి. లేచి లోపలికి వెళ్ళిపోయింది.

పట్టాభి మొదట నమ్మలేదు. గొట్టాలు తీసుకెళ్ళి కళ్ళ ముందు చేసి చూపించాక నమ్మక తప్పలేదు. తర్వాత ఇద్దరూ కూర్చుని దారులు వెతికారు. ఒక్కటీ తిన్నగా పోయేది దొరకలేదు. సూక్ష్మజీవిని చంపడానికి యాంటిబయాటిక్ ఇద్దామంటే, అది యాంటిబయాటిక్‌లనే తిని పెరిగింది. మూర్ఛ మందు ఇంజక్షన్‌గా ఇస్తే రక్తంలోకి చేరుతుంది, ఫిట్స్ ఆగుతాయి. కానీ ఆ మందులో కొంత పైత్యరసంతో పేగుల్లోకి దిగుతుంది, తోడు దాన్ని తిని ఇంకా బలుస్తుంది. జీవితాంతం సూదులు పొడిపించుకుంటూ, దాన్ని కడుపులో మోస్తూ బతకాలి. హాస్పిటల్లో చేర్చుకోవడానికి పట్టాభి ఒప్పుకోలేదు. వార్డు నిండా మందుల మీద బతికే రోగులున్నారు, అది అక్కడ ఒక్కరికి అంటుకుంటే ఆపడం ఎవరి తరమూ కాదు.

దారి చూపించింది నాగుల్‌మీరా.

"మేడమ్, ఆ పెద్ద తుఫానుకి ఆస్పత్రి మూసేశాం గుర్తుందా? తొమ్మిది రోజులు ఒక్క పశువూ రాలేదు, ఒక్క మందు చుక్కా తొట్టిలో పడలేదు. పదో రోజు నేను వచ్చి చూసేసరికి తోడు చచ్చిపోయి ఉంది. మళ్ళీ ఫ్రిజ్‌లో దాచిన సీసాలోంచి వేసుకున్నాం."

సుగుణకుమారికి గుర్తొచ్చింది. మందు లేకపోతే బతకకూడదని తను పెట్టిన కట్టడి అదే. తొమ్మిది రోజులు అతని ఒంట్లోకి ఏ మందూ పోకపోతే, అది ఆకలికి చస్తుంది. కానీ ఆ తొమ్మిది రోజులూ అతని మూర్ఛకు ఏ అడ్డూ ఉండదు. పట్టాభి ఆ ప్రమాదాన్ని దాచకుండా చెప్పాడు. మూర్ఛ వచ్చి రెండు మూడు నిమిషాల్లో తగ్గితే ఫర్వాలేదు. ఐదు నిమిషాలు దాటితే మెదడు దెబ్బతినవచ్చు, ప్రాణమే పోవచ్చు. అప్పుడు ఇంజక్షన్ ఇచ్చి తీరాలి. ఇస్తే లెక్క మళ్ళీ మొదటికొస్తుంది.

ఖైరున్నీసా సూదులే నయమంది. మనిషి మిగిలి ఉంటే చాలంది. నాగుల్‌మీరా ఒప్పుకోలేదు. ఇది కడుపులో పెట్టుకుని తను ఇంట్లో, వీధిలో, మసీదులో తిరిగితే ఇంకెంతమందికి అంటుకుంటుందని అడిగాడు. 

అతన్ని ఉంచడానికి మిగిలిన చోటు ఆస్పత్రే. గేట్లు మూసేశారు. కుక్కల వార్డు ఖాళీ చేసి, సున్నం కొట్టి, మంచం వేశారు. బాత్రూమ్ నీళ్ళు ఒక డ్రమ్ములోకి పట్టి, మరిగించి పారబోసే ఏర్పాటు చేశారు. అదే రోజు సుగుణకుమారి రెండు తొట్లలోకీ ఆవిరి గొట్టం పెట్టి, ముప్పావు గంట మరగనిచ్చింది. పైన నురగ లేచి, పచ్చటి నీళ్ళు గోధుమరంగుకు తిరిగి, చివరికి ఉడికిన గడ్డి వాసన వేసింది. ఫ్రిజ్‌లోని పద్నాలుగు సీసాలూ మరిగే నీళ్ళలో వేసింది. చివరి సీసా దగ్గర ఆవిడ చెయ్యి ఆగింది. కిటికీలోంచి చూస్తున్న నాగుల్‌మీరా తల తిప్పుకున్నాడు. ఆవిడ దాన్ని కూడా వేసేసింది.

మొదటి రోజు గడిచింది. రెండో రోజు సాయంత్రం ఒకసారి వచ్చింది, ఒకటిన్నర నిమిషంలో తగ్గింది. నాలుగో రోజు రెండుసార్లు. ప్రతిసారీ పట్టాభి పక్కనే ఉన్నాడు. ఖైరున్నీసా కింద చాప మీద కూర్చుని గుండీలు కుట్టుకుంటూ ఉండేది.  సుగుణకుమారి గంజి ఇస్తే తీసుకునేది, గిన్నె కడిగి గుమ్మం దగ్గర పెట్టేది.

ఐదో రోజు ఖైరున్నీసా స్నానానికి వెళ్ళినప్పుడు నాగుల్‌మీరా సుగుణకుమారిని దగ్గరికి పిలిచాడు. నాలుక కరుచుకుని వాచింది, మాట ముద్దగా వస్తోంది. ఐదు నిమిషాలకే సూది వెయ్యొద్దని బతిమాలాడు. ఇంకో రెండు మూడు నిమిషాలు ఆగమన్నాడు. ఇంతదూరం వచ్చాక మళ్ళీ మొదటి నుంచి ఈ మంచం మీద పడుకోవడం తన వల్ల కాదన్నాడు. ఆవిడ సరేనని తలూపింది. ఆ తల ఊపడం ఒప్పుకోవడమో ఓదార్చడమో ఆవిడకే తెలియలేదు.

ఆరో రోజు మధ్యాహ్నం మూడింటికి మళ్ళీ వచ్చింది. పట్టాభి తెనాలిలో ఓపీ చూసుకుని సాయంత్రం వస్తానని వెళ్ళాడు. మందు ఎక్కించిన సిరంజి ట్రేలో పెట్టి, ఎక్కడ పొడవాలో రెండుసార్లు చూపించి మరీ వెళ్ళాడు.

ఈసారి అరుపు లేదు. మంచం పట్టీ గోడకు టకటకా కొట్టుకునే చప్పుడు విని సుగుణకుమారి లోపలికి వచ్చింది. అప్పటికే ఖైరున్నీసా అతన్ని ఒత్తిగిల్లించి, తల కింద తన చున్నీ మడత పెట్టింది. సుగుణకుమారి గోడ గడియారం చూసింది. మూడు దాటి రెండు నిమిషాలు.

మూడు దాటి నాలుగు. కాళ్ళు అలాగే కొట్టుకుంటున్నాయి. నోటి వెంట కాస్త ఎరుపు కలిసిన నురగ. సుగుణకుమారి సిరంజి చేతిలోకి తీసుకుంది.

మూడు దాటి ఐదు. కాస్త నెమ్మదించినట్టు అనిపించింది. ఖైరున్నీసా ముఖంలో కూడా ఆశ కనబడింది. అంతలోనే ఒళ్ళంతా విల్లులా బిగుసుకుని, మళ్ళీ మొదలైంది.

మూడు దాటి ఆరు. పెదాలు నీలంగా మారుతున్నాయి.

మూడు దాటి ఏడు. ఐదు నిమిషాలు నిండాయి.

సుగుణకుమారి కదల్లేదు. ఇంకొక్క నిమిషం చూస్తే తగ్గిపోతుందేమో. తగ్గితే ఆరు రోజులు దక్కుతాయి. అతను అడిగిన మాట నిలబడుతుంది. ఏమీ కాదు, ఇప్పటిదాకా ఏమీ కాలేదు కదా. ఆ మాట మనసులో అనుకోగానే అది ఎక్కడో విన్న గొంతులా తోచింది ఆవిడకు. కార్తీకంలో తవుడు బస్తా విప్పుతూ తను అనుకున్నది కూడా అచ్చం ఇదే మాట.

"ఇంకా ఏం చూస్తున్నారు?" అంది ఖైరున్నీసా. అరవలేదు. గడియారం వైపు కూడా చూడలేదు.

సుగుణకుమారి వంగి, అతని తొడ మీద సూది దించింది.

రెండు నిమిషాలకు కాళ్ళు ఆగాయి. ఇంకో నిమిషానికి పెదాల రంగు మారింది. ఊపిరి గురకగా మొదలై సర్దుకుంది. సుగుణకుమారి ఖాళీ సిరంజితో గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది. ఖైరున్నీసా వచ్చి ఆ సిరంజి తీసి ట్రేలో పెట్టింది.

మర్నాడు పొద్దున అతనికి తెలివి వచ్చాక, ఎంతసేపు ఆగారని అడిగాడు.

"ఐదు నిమిషాలు" అంది సుగుణకుమారి.

అతను గోడ వైపు తిరిగి పడుకున్నాడు.  ఖైరున్నీసా వీపు మీద చెయ్యి వేస్తే తోసెయ్యలేదు, తిరగనూ లేదు. పట్టాభి వచ్చి, ఇక చాలు, సూదులతోనే కాలక్షేపం చేద్దామన్నాడు. అప్పుడు నాగుల్‌మీరా లేచి కూర్చున్నాడు.

"ఇవాళ్టి నుంచి మళ్ళీ ఒకటో రోజు అని రాసుకోండి సార్."

రెండో విడతలో నాలుగుసార్లు వచ్చింది. ఏదీ మూడు నిమిషాలు దాటలేదు. పట్టాభి ఈసారి తెనాలి వెళ్ళలేదు, ఆస్పత్రిలోనే మకాం వేశాడు. తొమ్మిదో రోజు గడిచింది. పదో రోజు సుగుణకుమారి నమూనాలో మాత్ర నలిపి వేసి, నాలుగు గంటలాగి, కాగితం ముంచింది. ఊదారంగు తిరిగింది. ఇంకోసారి ముంచింది. మళ్ళీ ఊదారంగే. ఆ రోజు సాయంత్రమే అతనికి మాత్ర మొదలుపెట్టారు. వారానికి రక్తంలో మందు ఉండాల్సినంత చేరింది.

మనిషి మాత్రం పూర్తిగా మునుపటిలా రాలేదు. ఆస్పత్రిలో ఉన్న నూట డెబ్భై మందుల పేర్లు, మోతాదులతో సహా కళ్ళు మూసుకుని చెప్పగలిగిన నాగుల్‌మీరాకు, ఆ పొడుగాటి మూర్ఛ తర్వాత సగం పేర్లు జారిపోయాయి. సీసా చేతిలో పట్టుకుని, దాని వైపు చూస్తూ నిలబడిపోయేవాడు. కొన్నాళ్ళకు తిరిగి రావచ్చన్నాడు పట్టాభి. రాకపోవచ్చు కూడా.

సుగుణకుమారి జరిగినదంతా తొమ్మిది పేజీలు రాసి పైఅధికారులకు పంపింది. ఎవరూ అడక్కముందే పంపింది. అనుమతి లేకుండా తవుడు ఇచ్చిన యాభై మూడు ఇళ్ళ పేర్లు కింద చేర్చింది. వారం తిరక్కుండా ఆస్పత్రికి సీలు పడింది, ఆవిడ వైద్యం చెయ్యకూడదని ఉత్తర్వు వచ్చింది. ఆ యాభై మూడు ఇళ్ళకూ వెళ్ళి పరీక్షలు చెయ్యడానికి ఆరోగ్య శాఖ తన మనుషుల్ని పంపింది. వాళ్ళతో తనూ వస్తానని ఆవిడ అడిగింది. తిట్లు తినడానికా అని వాళ్ళు ఆశ్చర్యపోయారు. నాగుల్‌మీరా కూడా బయల్దేరాడు. ఆ ఇళ్ళ వాళ్ళకు తను తెలుసు, తను లేకపోతే తలుపు తియ్యరన్నాడు. మోటార్‌సైకిల్ నడపొద్దన్నారు కాబట్టి కాలువ గట్టు వెంట అందరితోపాటే నడిచాడు.

ప్రతి గుమ్మం దగ్గరా అతను పలకరించేవాడు. తర్వాత సుగుణకుమారి తన పేరు చెప్పి, తను ఏం చేసిందో చెప్పేది. ఇంట్లో ఎవరైనా రోజూ మాత్రలు వేసుకుంటున్నారా అని అడిగేది. కొందరు కూర్చోమన్నారు. ఒకాయన వాకిలి ఊడ్చే చీపురు విసిరాడు. మొత్తం మీద నలుగురి కడుపుల్లో తోడు కనబడింది. ముగ్గురు బీపీకి, షుగరుకి మాత్రలు వాడేవాళ్ళు. పట్టాభి చూసుకుంటుండగా తొమ్మిది రోజులు మందు మాని, గట్టెక్కారు. పశువులకు కూడా మందులు ఆపించి, పేడ పరీక్షలు చేసి, అన్నీ శుభ్రమయ్యాయని తేల్చారు.

నాలుగో మనిషి సాంబ్రాజ్యమ్మ. కొల్లిపాలెంలో ఉంటుంది, డెబ్భై దాటాయి. మోకాళ్ళ నొప్పుల మాత్రలు వాడుతుంది, నాలుగు నెలలుగా అవి పని చెయ్యడం మానేశాయి. రిపోర్టు చెప్పడానికి సుగుణకుమారి, నాగుల్‌మీరా ఇద్దరే వెళ్ళారు. సాంబ్రాజ్యమ్మ వాకిట్లో చింతపండు పిక్కలు తీస్తూ కూర్చుంది. చెప్పినదంతా విని, కాసేపు ఏదో లెక్క వేసుకున్నట్టు చేతులు ఆపింది.

"మా ఆయన గుండెకి మాత్రలు వాడేవాడు" అంది. "శివరాత్రి ముందు పోయాడు."

ఆవిడ భర్త వీరరాఘవయ్య పేరు నాగుల్‌మీరాకు గుర్తుంది. పొదుగు వాపుకు గేదెను తోలుకొచ్చింది ఆయనే. తవుడు తీసుకెళ్ళిందీ ఆయనే. 

చివరి రెండు నెలలూ ఆయనకు కాళ్ళు నీరు పట్టాయని, ఆయాసం ఎక్కువయిందని సాంబ్రాజ్యమ్మ చెప్పింది. డాక్టరు పరీక్షలు చేసి, ముసలాయన మాత్రలు వేసుకోవడం లేదు, గట్టిగా చూసుకోండని కొడుకును కసిరాడు. ఆయన వేసుకుంటున్నాననే అన్నాడు. ఎవరూ నమ్మలేదు. ఆవిడ పసిపిల్లాడికి చేసినట్టు నోరు తెరిపించి, నాలుక కింద వేలు పెట్టి వెతికింది. పెరట్లో ఉమ్మేస్తున్నాడేమోనని వెంట తిరిగింది. బతకాలని లేకపోతే మమ్మల్నెందుకు తిప్పుతావని కొడుకు ఒకరోజు ఆయన్ని వాకిట్లో నిలబెట్టి అరిచాడు. పోయే ముందు పదిరోజులు ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు.

"ఇప్పుడు చెప్పండి" అంది సాంబ్రాజ్యమ్మ. "ఆయన వేసుకున్నాడా?"

"ఇదే కారణమని రుజువు చెయ్యలేనమ్మా" అంది సుగుణకుమారి. "ఆయన్ని పరీక్ష చేసే అవకాశం లేదు. కానీ మీ ఇద్దరిదీ ఒకటే కుండ, ఒకటే గేదె. మీ కడుపులో ఉన్నది ఆయన కడుపులోనూ ఉండే ఉంటుంది. ఆయన రోజూ మాత్ర వేసుకునే ఉంటాడు. అది ఒంటికి అందకుండా తినేసింది నేను పంపిన జీవి. తప్పు నాది."

సాంబ్రాజ్యమ్మ చింతపండు చేట పక్కకు జరిపింది.

"అయితే వేసుకున్నాడన్నమాట" అంది.

నాగుల్‌మీరా తలగుడ్డ తీసి ముఖం తుడుచుకున్నాడు. ఇక లేద్దామన్నట్టు సుగుణకుమారి వైపు చూశాడు. ఆవిడ లేవబోయింది.

"కూర్చోండి" అంది సాంబ్రాజ్యమ్మ. "మా అబ్బాయి మినప చేలో ఉన్నాడు, పొద్దుగూకే వేళకి వస్తాడు. నాకు చెప్పినట్టే వాడికీ చెప్పి వెళ్ళండి. నేను చెబితే నమ్మడు."

సుగుణకుమారి అరుగు మీద మళ్ళీ కూర్చుంది. పొలం వైపు దారి అక్కడి నుంచి తిన్నగా కనబడుతోంది. ఇంకా ఎవరూ రావడం లేదు.